రంజాన్‌లో మస్కట్ ప్యాకేజీ తీసుకుంటున్నారా? ఒక్క నిమిషం ఆగండి

నిన్న తెల్లవారుజామున శంషాబాద్‌లో దిగాం. ఇప్పటిదాకా కంటి మీద కునుకు లేదు, కోపమూ తగ్గలేదు. రాతలో తప్పులుంటే సర్దుకుపోండి.

మేం వెళ్ళింది ఒమాన్‌కి. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, మా అమ్మ. ఐదు రాత్రులు, అందరికీ కలిపి 3 లక్షల 40 వేలు. ఎవరి దగ్గర తీసుకున్నానో చెప్పక్కర్లేదు, ‘హిడెన్ ఛార్జెస్ ఉండవు సార్’ అంటూ రోజూ మన ఫోన్లలో నవ్వే ఆ ట్రావెల్ ఏజెంట్ మహానుభావుడి దగ్గరే. పేరు రాస్తే లీగల్ నోటీసు పంపుతాడు, రాయను.

పిల్లల పరీక్షలు మార్చి రెండో వారానికి అయిపోయాయి. రేటు కూడా మామూలు కంటే తక్కువే చెప్పాడు. రంజాన్ నెల కదండీ, ఇబ్బంది ఉండదా అని అడిగాను. అడగలేదు అనుకునేరు, రెండుసార్లు అడిగాను. ‘దుబాయ్‌లో ఎలాగో అక్కడా అంతే సార్, టూరిస్టులకేం టెన్షన్ ఉండదు’ అన్నాడు. దుబాయ్ సంగతి నిజమే, 2021 నుంచి అక్కడ హోటళ్ళకి పగలు తెరలు కట్టాల్సిన పని కూడా లేదు. కానీ ఒమాన్‌లో రంజాన్ నెల పగటిపూట నలుగురిలో తిన్నా, తాగినా నేరం. జైలు దాకా పోవచ్చు. మనం ముస్లింలం కాదు అన్నా కుదరదు. ఈ ముక్క నాకు అక్కడికి వెళ్ళాక తెలిసింది. ఫోన్‌లో పది నిమిషాలు వెతికితే దొరికేది. మిక్సీ కొనడానికి ముప్పై రివ్యూలు చదివే మనిషిని, మూడు లక్షలకి మాత్రం ఒక నవ్వు చూసి సంతకం పెట్టేశాను.

మొదటి రెండు రోజుల గోల క్లుప్తంగా చెప్తాను. మస్కట్‌లోని పెద్ద మసీదు, సుల్తాన్ ఖాబూస్ గ్రాండ్ మాస్క్, శుక్రవారం పెట్టాడు. రంజాన్ అయినా కాకపోయినా శుక్రవారం ముస్లింలు కానివాళ్ళకి అక్కడ ప్రవేశమే లేదు, మిగతా రోజుల్లో కూడా పొద్దున 8 నుంచి 11 వరకే. గేటు దగ్గర ఫోటో దిగి వచ్చాం. ముత్రా సూక్ మధ్యాహ్నం రెండింటికి పెట్టాడు. వెళ్తే వరసగా షట్టర్లు, రెండు పిల్లులు. అదే బజారు రాత్రి తొమ్మిది దాటాక కాలు పెట్టే సందు లేకుండా ఉందట, మాకు ఆ టైముకి కారు లేదు.

అసలు కథ మూడో రోజు, నిజ్వాలో.

మస్కట్ నుంచి దాదాపు 150 కిలోమీటర్లు. ఓచర్‌లో ‘కోట చూశాక సంప్రదాయ ఒమానీ భోజనం’ అని రంగుల్లో ఉంది. ఒంటిగంటన్నరకి ఆ రెస్టారెంట్ ముందు ఆగితే తలుపుకి తాళం, అద్దానికి అరబిక్‌లో ఒక కాగితం. వీధి మొత్తం అంతే. మా అమ్మకి షుగర్. పొద్దున మాత్ర వేసుకుంది, టిఫిన్ చేసింది, పదకొండింటికి ఏదైనా తినాల్సింది తినలేదు. చెమటలు పట్టేశాయి, చేతులు వణుకుతున్నాయి. చిన్నది ‘నానమ్మా, నా జ్యూస్ తాగు’ అని డబ్బా చేతిలో పెడుతోంది, అమ్మేమో ఎవరన్నా చూస్తారేమో అని దాన్ని కొంగులో దాచుకుంటోంది. అరవై నాలుగేళ్ళ మనిషి, దొంగసొత్తు దాచినట్టు.

డ్రైవర్ కోజికోడ్ అతను, ఉపవాసంలో ఉన్నాడు. ఏమీ అనకుండా కారుని ఊరు దాటించి ఖర్జూర తోటల మధ్య మట్టిదారిలో ఆపాడు. ‘అమ్మా, మీరు తినండి’ అని హిందీలో చెప్పి, దిగి మాకు వీపు చేసి నిలబడ్డాడు. అమ్మ ఆరు బిస్కెట్లు తింది. ఆయన పొద్దుటి నుంచి మంచినీళ్ళు కూడా తాగలేదు.

అప్పుడు ఏజెంట్‌కి ఫోన్ చేశాను. నాలుగోసారికి ఎత్తాడు. విషయం చెప్తే ఏమన్నాడో తెలుసా? ‘హైదరాబాద్‌లో ఉంటూ రంజాన్ అంటే తెలీదా సార్? ఎప్పుడూ హలీమ్ తినలేదా?’ అని నవ్వాడు. మా అమ్మ పక్కనే వణుకుతుంటే! తిన్నాను నాయనా, ఏటా తింటాను. మనకి రంజాన్ అంటే హలీమ్ బట్టీలు, చార్మినార్ దగ్గర రాత్రి బజారు. పగలు మన ఇడ్లీ బండ్లు మన ఇడ్లీ బండ్లే. ఆ లెక్కలోనే వెళ్ళాను, అదీ నా తెలివి.

ఫోన్ పెట్టేశాక డ్రైవర్ తన ఫోన్ తీసి ఒక వాయిస్ మెసేజ్ వినిపించాడు. మేం బయల్దేరడానికి రెండు వారాల ముందుది. రంజాన్‌లో లంచ్‌లు కుదరవు, గెస్టులకి ముందే చెప్పండి అని ఇతను పంపాడు. దానికి మనవాడి జవాబు: ‘బతాయేంగే తో క్యాన్సిల్ కర్ దేంగే భాయ్, ఆప్ మేనేజ్ కర్ లో.’ చెప్తే క్యాన్సిల్ చేసుకుంటామట! తెలియక కాదు, తెలిసే పంపాడు. నన్ను ‘సార్ సార్’ అన్న గొంతే అది. డ్రైవర్ పని పోతుందని ఆ ఆడియో ఇక్కడ పెట్టడం లేదు.

ఐదు లంచ్‌ల డబ్బు వెనక్కి అడిగితే ‘బదులుగా ఇఫ్తార్ బఫే ఇచ్చాం కదా’ అంటున్నాడు. ఆ బఫేకి మనిషికి ఆరు రియాల్స్ అక్కడ నేనే కట్టాను, బిల్లు నా దగ్గరే ఉంది. రియాల్ అంటే 220 రూపాయల పైమాటే.

ఒక్కటి చెప్పాలి, ఒమాన్ వాళ్ళని తిట్టకండి. నిజ్వా నుంచి వస్తుంటే ఆరుంబావు దాటాక మసీదు నుంచి ఉపవాసం విడిచే బాంగు వినపడింది. సిగ్నల్ దగ్గర ఒక కుర్రాడు కిటికీలోంచి ఖర్జూరాలు, మజ్జిగ సీసాలు ఐదుగురికీ లెక్కపెట్టి ఇచ్చి వెళ్ళాడు. మేమెవరో కూడా అడగలేదు. రోజంతా మాకు ఊరికే దొరికిన భోజనం అదొక్కటే.

వెళ్ళాలనుకుంటే వెళ్ళండి. పగలు సూపర్‌మార్కెట్లు తెరిచే ఉంటాయి, కొనుక్కుని హోటల్ గదిలో తినండి. కారులో తిన్నా నలుగురిలో తిన్నట్టే అని డ్రైవర్ చెప్పాడు. మధ్యాహ్నం గదిలో పడుకుని రాత్రి తిరగండి. ‘లంచ్ ఇన్‌క్లూడెడ్’ అంటే ఏ హోటల్లో, ఎన్నింటికి అని రాయించుకోండి. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకి జరుగుతుంది, 2026లో ఫిబ్రవరి మూడో వారంలోనే మొదలు. సంక్రాంతి అయ్యీ అవగానే ఇలాంటి ఆఫర్లు మళ్ళీ వస్తాయి.

మిగతాది సాయంత్రం రాస్తాను, అమ్మని షుగర్ టెస్టుకి తీసుకెళ్ళాలి.