రమ్ము పట్టించిన సిగారా, ఉత్త సిగారా?

వెలిగించకముందైతే రమ్ము సిగారుదే పైచేయి. మూత తీయగానే బెల్లప్పాకం వాసన, పెదవికి తీపి. అది ఆకుకు పట్టించిన పరిమళమే గానీ మత్తెక్కించేదేం కాదు. సగం కాలేసరికి తీపి పోయి ఘాటొక్కటే మిగులుతుంది. ఉత్త సిగారులో మొదట మిరియం, పోనుపోను కాఫీ, ఆఖర్న మట్టివాసన. పొగ మింగకుండా నోట్లో తిప్పి వదిలితేనే ఇవన్నీ తెలుస్తాయి.

నోటి క్యాన్సర్ ముప్పులో మాత్రం తేడా లేదు. మన తీరంలో అడ్డపొగ (చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని) తాగే ముసలమ్మల అంగిళ్లు చూసిన డాక్టర్లనడగండి!

విశాఖ ఉప్పుగాలికి రెండూ మెత్తబడతాయి. పెట్టెలో తేమ 70 శాతం దగ్గర ఉంచాలి. కలిపి పెట్టారో, రమ్ము వాసన రెండోదానికీ అంటుకుంటుంది. నా ఓటు ఉత్తదానికే. రమ్ము కావాలంటే గ్లాసులో పోసుకోవచ్చుగా.