‘ఫార్మాట్ వద్దు’ అని చీటీలో రాయించినా డిస్కు మొత్తం తుడిచేశారు: చిక్కడపల్లి వైపు వారు జాగ్రత్త

చిక్కడపల్లి, నారాయణగూడ, బర్కత్‌పుర వైపు డీటీపీ (పుస్తకాల పేజీలు కంప్యూటర్‌లో కూర్చే పని), డిజైన్ పనులు చేసుకునేవారు దయచేసి ఇది చదవండి. సందులో మేడ మీద లాప్‌టాప్‌లు బాగు చేసే ఆ దుకాణం మీలో చాలామందికి తెలిసిందే. మనలో ఒకరు చెబితే మరొకరు విని వెళ్లేది అక్కడికే. ఇకమీదట వెళ్లకండి. ఫైలు మీద కుడి బటన్ నొక్కితే ఫోల్డర్ మూసుకుపోతోందని ఇచ్చిన లాప్‌టాప్‌ను, వద్దని నోటితో చెప్పినా, వద్దని చీటీలో రాయించినా, మొత్తం తుడిచేసి నా చేతిలో పెట్టారు. ఆ తరువాత, తాము తుడిచిన ఫైళ్లను వెనక్కి తెచ్చి ఇవ్వడానికి నాకే ధర చెప్పారు.

సమస్య ఏమిటంటే, ఏదైనా ఫైలు మీద కుడి బటన్ నొక్కగానే ఫైల్ ఎక్స్‌ప్లోరర్ (ఫోల్డర్లు, ఫైళ్లు చూపే విండోస్ ప్రోగ్రామ్) విండో ఒక్క క్షణం తెల్లబడి మాయమయ్యేది. దానితోపాటు కింది టాస్క్‌బార్, తెర మీది ఐకాన్లు కూడా పోయి మళ్లీ వచ్చేవి. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ బాగానే నడుస్తోంది, ఇంటర్నెట్ బాగానే ఉంది, లాప్‌టాప్ ఎక్కడా ఆగిపోవడం లేదు. ఒక్క ఎక్స్‌ప్లోరరే కూలిపోతోంది. పుస్తకం ప్రెస్సుకు వెళ్లాల్సిన సమయం దగ్గరపడింది కనుక దుకాణంలో ఇచ్చాను.

యజమాని కాసేపు అటూ ఇటూ నొక్కి చూసి, ‘విండోస్ 10 అయిపోయింది మేడమ్, అందుకే ఇలా అవుతోంది, కొత్తది వేయాలి’ అన్నాడు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసిన మాట నిజమే. మామూలుగా వచ్చే భద్రతా అప్‌డేట్లు ఆగిపోతాయి, అంతే. ఆ తేదీ దాటినంత మాత్రాన ఫోల్డర్లు కూలిపోవు. ఆ మాటే అతనితో అన్నాను. ‘సరే, చూస్తాం’ అన్నాడు. డిస్కులో వేరే భాగమైన డీ డ్రైవులో నా పనంతా ఉంది, దాని జోలికి వెళ్లవద్దు, ఫార్మాట్ తప్పదనిపిస్తే ముందు నాకు ఫోన్ చేయండి అని స్పష్టంగా చెప్పాను. అక్కడి కుర్రాడు చీటీలో ‘ఫార్మాట్ వద్దు, డీ డ్రైవ్ డేటా ఉంది’ అని రాసి, కింద నా నంబరు రాశాడు. ఆ చీటీ నా దగ్గరే ఉంది. ఫోన్ మాత్రం రాలేదు. పని అయిపోయింది, వచ్చి తీసుకెళ్లండి అని మెసేజ్ వచ్చింది.

వెళ్లగానే బల్ల మీద లాప్‌టాప్ తెరిచి చూపించాడు. కొత్త తెర, కొత్త ఐకాన్లు, నావి ఒక్కటీ లేవు. అప్పుడే గుండె జారిపోయింది. డ్రైవులు చూపే పేజీ తెరిచాను. సీ ఒక్కటే ఉంది. డీ డ్రైవ్ ఖాళీగా ఉండటం కాదు, అసలు లేనే లేదు. ‘నా డీ డ్రైవ్ ఏదండీ?’ అని అడిగాను. అతను వేరే లాప్‌టాప్‌కు స్క్రూలు బిగిస్తున్నాడు. తల ఎత్తకుండానే, ‘పార్టిషన్లన్నీ తీసేసి శుభ్రంగా వేశాం మేడమ్, లేకపోతే సమస్య మళ్లీ వస్తుంది’ అన్నాడు. చీటీ తీసి అతని ముందు పెట్టాను. చదివాడు. చదివి పక్కకు నెట్టేశాడు. ‘ఫార్మాట్ చేయకుండా ఎవరు బాగు చేస్తారు? కాపీ తీస్తూ కూర్చుంటే గంటలు పడుతుంది, మాకు వేరే పనులు లేవా? డేటా అంత ముఖ్యమైతే మీ దగ్గరే పెట్టుకోవాల్సింది’ అంటూ గోడకు అంటించిన కాగితం చూపించాడు. డేటాకు మేము బాధ్యులం కాము అని ఉంది దాని మీద.

పొరపాటున ఏదైనా జరిగితే ఆ కాగితం చూపించుకోవచ్చునేమో. చేయవద్దని తామే రాసుకున్న పనిని తమ చేతులతో చేసినవారిని ఏ కాగితమూ కాపాడకూడదు. సమయం పడుతుందని వదిలేశారు. నా పని విలువ వారికి ఆ కొన్ని గంటలు కూడా చేయలేదు.

అక్కడితో ఆగినా ఇంత రాసేదాన్ని కాదు. నేను మాట రాక నిలబడిపోతే, గొంతు మార్చి, మెత్తగా, ‘రికవరీ ఉంది మేడమ్, 8,000 అవుతుంది, చేయించుకుంటారా?’ అన్నాడు. తుడిచినవాడే, చీటీ చూశాక, క్షమించమన్న ఒక్క మాట లేకుండా, వెనక్కి ఇవ్వడానికి బేరం పెట్టాడు. ఆ ఒక్క మాట నా చెవిలో ఇంకా మోగుతోంది.

పైగా ఆ బేరంలోనూ నిజాయితీ లేదు. నా లాప్‌టాప్‌లో ఉన్నది ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని, చిప్పులతో చేసిన డిస్కు. పాత రకం తిరిగే హార్డ్ డిస్కులో అయితే, ఫార్మాట్ చేసినా దాని మీద కొత్త సమాచారం రాయనంత వరకు పాతది చాలావరకు మిగిలే ఉంటుంది, ఓపికగా వెతికితే కొంత దొరుకుతుంది. ఎస్‌ఎస్‌డీ తీరు వేరు. ఫార్మాట్ కాగానే ఈ చోటంతా ఇక అక్కరలేదని విండోస్ డిస్కుకు ట్రిమ్ అనే ఆదేశం పంపుతుంది, డిస్కు దాన్ని లోలోపల చెరిపేసుకుంటుంది. ఆ తరువాత సాఫ్ట్‌వేర్‌తో ఎంత వెతికినా దాదాపు ఏమీ దొరకదు. రోజూ ఇదే పని చేసే మనిషికి ఈ సంగతి తెలియదంటే నేను నమ్మను.

పోయింది ఏమిటో కూడా చెప్పాలి. ఒక విశ్రాంత ఉపాధ్యాయులు తమ తండ్రిగారు రాసిన పద్యాలన్నీ ఏరి, ప్రతి పద్యానికీ ప్రతిపదార్థం, తాత్పర్యం రాసి పుస్తకంగా తెస్తున్నారు. మూడో ప్రూఫు దిద్దుబాట్లు ఆయన నా పక్కన కూర్చుని చేయించారు. అరసున్నలు, శకటరేఫలు ఎక్కడెక్కడ ఉండాలో ఒక్కొక్కటీ చూపించారు. నెల మొదట్లో బయటి డిస్కులోకి ఎక్కించిన ప్రతి నా దగ్గర ఉంది, మూడో ప్రూఫు ఆ తరువాతిది. ఆయనకు మెయిల్‌లో పంపిన పీడీఎఫ్ ఉంది. కానీ అది అను అనే పాత రకం తెలుగు ఫాంట్లతో చేసిన పని. ఈ పనిలో ఉన్నవారికి ఇంకేమీ చెప్పనక్కరలేదు. మిగిలినవారికి చెబుతున్నాను: ఆ ఫాంట్లు యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ సొంత సంకేతం ఉండే పద్ధతి) కావు, ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలు కూర్చినవి. పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే తెలుగు రాదు, అర్థం లేని గుర్తుల వరుస వస్తుంది. కనుక పీడీఎఫ్‌ను పక్కన పెట్టుకుని ప్రతి పేజీనీ కంటితో పోల్చి మళ్లీ దిద్దాలి. ఫోన్ చేసి చెబితే ఆయన ‘పోనీలేమ్మా, మళ్లీ కూర్చుందాం’ అన్నారు. భూతద్దం లేనిదే ఆయన ప్రూఫు చదవలేరు. ఆ పెద్దాయనకు మళ్లీ ఆ శ్రమ పెట్టాల్సి రావడం నన్ను అన్నిటికంటే ఎక్కువగా మండిస్తోంది.

ఇక అసలు విషయం. ఇంటికి వచ్చి నా సాఫ్ట్‌వేర్లన్నీ ఒక్కొక్కటిగా వేసుకున్నాను. ఒక ఫైలు మీద కుడి బటన్ నొక్కాను. ఎక్స్‌ప్లోరర్ కూలిపోయింది! మునుపటిలాగే తెల్లబడి, టాస్క్‌బార్‌తో సహా పోయి వచ్చింది. అంటే డిస్కు తుడవడం వల్ల బాగుపడింది ఏమీ లేదు.

మా ఆడపడుచు కొడుకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. వీడియో కాల్‌లో చూస్తూ, ‘అత్తా, ముందు ఈవెంట్ వ్యూయర్ తెరువు’ అన్నాడు. కంప్యూటర్‌లో జరిగిన తప్పులను విండోస్ నమోదు చేసి చూపే చోటు అది. అందులో విండోస్ లాగ్స్ కింద అప్లికేషన్ అనే విభాగం ఉంటుంది. ఎక్స్‌ప్లోరర్ కూలిన ప్రతిసారీ అక్కడ 1000 అనే ఈవెంట్ సంఖ్యతో ఎర్ర గుర్తు పడుతుంది. దాన్ని తెరిస్తే కూలిన ప్రోగ్రామ్ పేరు, దాని కింద ‘ఫాల్టింగ్ మాడ్యూల్’ అనే వరుసలో కూలడానికి కారణమైన ఫైలు పేరు ఉంటాయి. ఆ వరుసలో ఒక్కోసారి విండోస్ సొంత ఫైలు పేరు కూడా కనిపించవచ్చు, అప్పుడు ఇంకా లోతుగా వెతకాలి. నా విషయంలో అంత దూరం పోనక్కరలేకపోయింది. ఫాంట్లు సర్దుకోవడానికి నేను వాడే ఒక పాత సాఫ్ట్‌వేర్ తాలూకు డీఎల్‌ఎల్ ఫైలు (ఇతర ప్రోగ్రాములు వాడుకునే కోడ్ ఉండే ఫైలు) అక్కడ పేరుతో సహా కనిపించింది.

ఇలాంటి సాఫ్ట్‌వేర్లు కుడి బటన్ నొక్కితే వచ్చే మెనూలో తమ వరుస ఒకటి చేర్చుకుంటాయి. వాటిని షెల్ ఎక్స్‌టెన్షన్లు అంటారు. అవి ఎక్స్‌ప్లోరర్ లోపలికే వచ్చి పనిచేస్తాయి కనుక వాటిలో ఒకటి తప్పు చేస్తే ఎక్స్‌ప్లోరర్ మొత్తం కూలుతుంది. టాస్క్‌బార్, డెస్క్‌టాప్ నడిపేది కూడా ఆ ఎక్స్‌ప్లోరరే కాబట్టి అవీ మాయమవుతాయి. షెల్‌ఎక్స్‌వ్యూ అనే ఉచిత పరికరం ఉంది. అందులో మైక్రోసాఫ్ట్‌వి కాని ఎక్స్‌టెన్షన్లు గులాబీ రంగులో కనబడతాయి. ఫాంటు సాఫ్ట్‌వేర్ వరుసను ఎంచి ఎఫ్ 7 నొక్కి ఆపేశాం. టాస్క్ మేనేజర్‌లో ఎక్స్‌ప్లోరర్‌ను మళ్లీ మొదలుపెట్టాం. అంతే. ఆ తరువాత ఒక్కసారి కూడా కూలలేదు. చేయాల్సిన మరమ్మతు ఇంతే. దీని కోసం నా డిస్కు తుడిచారు.

అదే కాల్‌లో మరొకటి బయటపడింది. 2,800 రూపాయల బిల్లులో 1,500 ‘ఒరిజినల్ విండోస్’ కోసం తీసుకున్నారు. సెట్టింగ్స్‌లో విండోస్ లైసెన్సు సంగతి చూపే యాక్టివేషన్ పేజీ తెరిస్తే, మీ సంస్థ యాక్టివేషన్ సేవ ద్వారా యాక్టివేట్ అయింది అని ఉంది. ఇంట్లో కూర్చుని డీటీపీ చేసుకునే నాకు సంస్థ ఎక్కడిది? లైసెన్సు లేకుండానే ఉన్నట్టు చూపే దొంగ యాక్టివేటర్ వేస్తే వచ్చే మాట అది. విండోస్‌తో వచ్చే వైరస్ రక్షణ డిఫెండర్‌లో ఒక ఫోల్డర్‌ను వైరస్ తనిఖీ నుంచి మినహాయించి పెట్టారు కూడా. నేను కొన్నప్పుడే ఈ లాప్‌టాప్‌తో అసలైన విండోస్ హోమ్ వచ్చింది. దాని కీ మదర్‌బోర్డులోనే భద్రంగా ఉంటుంది. అదే హోమ్‌ను మళ్లీ వేస్తే పైసా ఖర్చు లేకుండా తనంతట తానే యాక్టివేట్ అవుతుంది. వీళ్లు హోమ్ బదులు ప్రో అనే వేరే రకం విండోస్ వేసి, దొంగ తాళం పెట్టి, నా దగ్గర డబ్బు వసూలు చేశారు. మైక్రోసాఫ్ట్ సైటు నుంచి 8 జీబీ పెన్‌డ్రైవులోకి విండోస్ దింపుకుని మళ్లీ హోమ్ వేశాం. కీ అడగనే లేదు.

ఇవన్నీ చెబుదామని ఫోన్ చేశాను. ‘మీ ఇష్టం వచ్చిన చోట చెప్పుకోండి’ అని పెట్టేశాడు. చెబుతున్నాను. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు ఫిర్యాదు ఇచ్చాను. స్పందన లేకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు ఉంటే అక్కడ కేసుకు రుసుము కూడా లేదు.

మీకూ ఎక్స్‌ప్లోరర్ కూలుతుంటే దుకాణానికి ఇచ్చే ముందు ఈవెంట్ వ్యూయర్ చూడండి. కుడి బటన్‌తో కాకుండా, తెరవగానే కూలుతుంటే ఫోల్డర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి ఎక్స్‌ప్లోరర్ హిస్టరీని చెరిపి చూడండి. ఎవరికి ఇచ్చినా డేటా మీ ఎదురుగానే కాపీ తీయించండి, యాక్టివేషన్ పేజీ చూశాకే డబ్బివ్వండి. ఆ దుకాణంలో ఇలాగే నష్టపోయినవారు ఉంటే బిల్లు, చీటీ ఫోటోలు తీసి నాకు పంపండి, నా ఫిర్యాదుకు జత చేస్తాను.