వాకిట్లో మందారమా, నూరు వరహాలా?

రోజూ పూజకు పూలు కావాలంటే మందారమే. కొత్త చిగుళ్ల మీదే మొగ్గ తొడుగుతుంది కాబట్టి కొమ్మలు కత్తిరించిన కొద్దీ బాగా పూస్తుంది. పువ్వు మాత్రం ఒక్కరోజే. అసలు టెన్షన్ పిండినల్లి అనే పురుగుతో. చిగుళ్ల మీద తెల్లటి దూదిలా కనిపించగానే నీళ్ల పైపుతో గట్టిగా కడిగి, సబ్బునీళ్లలో వేపనూనె కలిపి సాయంత్రం పూట చల్లాలి. ఆలస్యమైతే చిగుళ్లన్నీ ముడుచుకుపోతాయి, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

నూరు వరహాలు నిదానంగా పెరుగుతుంది, గుత్తి వారాల తరబడి నిలుస్తుంది. దానికి పడనిది సున్నం. సిమెంటు గోడ వారగా నాటి, సున్నం ఎక్కువున్న బోరునీళ్లు పోస్తే ఇనుము అందక లేతాకులు పసుపెక్కుతాయి, ఈనెలే పచ్చగా మిగులుతాయి. ఆకుల ఎరువు వేసి, వీలైతే వాననీళ్లు పట్టి పోయండి. బోరునీళ్లే దిక్కయితే నేను మందారమే నాటుతాను.