లీజ్ అండ్ లీఫ్ ఆల్బమ్ రివ్యూ: జెండా లేని దేశం పాటలు

ఇంగ్లీష్ పాటలంటే లవ్వు, పార్టీ, బ్రేకప్ అనుకునేటోళ్లకు ఈ ఆల్బమ్ జర షాకే, ఎందుకంటే ఇందుల చానా పాటలల్ల ఎవరో ఒకరు చస్తరు లేకుంటే చావు దాకా పోయి వాపస్ వస్తరు, పాడే సాండీ డెన్నీ మాత్రం ఏడ్వకుండ, గొంతు వణకకుండ, ఊర్ల జరిగిన ముచ్చట చెప్పినట్టే చెప్పుకుంట పోతది. నాకు అదే నచ్చింది. ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ అని ఇంగ్లాండ్ బ్యాండ్ చేసిన ఆల్బమ్ ఇది, 1969 డిసెంబర్‌ల వచ్చింది, ఎనిమిది ట్రాకులు, నలభై నిమిషాలు.

దీని ఎనకున్న సంగతి తెలుస్తే వినుడే మారిపోతది. అదే ఏడు మే నెలల బర్మింగ్‌హామ్‌ల ప్రోగ్రామ్ చేసుకొని రాత్రికి రాత్రి లండన్ దిక్కు వాపస్ వస్తుంటే ఎం1 మోటార్‌వే మీద వీళ్ల వ్యాన్ బోల్తా కొట్టింది, నడిపేటాయనకు కునుకు పట్టిందట. నార్కట్‌పల్లి దిక్కు హైవే మీద రాత్రి బండ్లల్ల తిరిగేటోళ్లకు ఇది వేరే చెప్పే పని లేదు. డ్రమ్మర్ మార్టిన్ లాంబుల్ పోయిండు, 19 ఏండ్ల పిల్లగాడు. గిటారిస్ట్ రిచర్డ్ థాంప్సన్ గర్ల్‌ఫ్రెండ్ జీనీ ఫ్రాంక్లిన్ కూడా పోయింది. బ్యాండ్ బంద్ చేద్దామా అన్న కాడికి వచ్చి, చివరికి హ్యాంప్‌షైర్‌ల ఓ పల్లెల పెద్ద ఇల్లు కిరాయికి తీస్కొని అందరు ఒక్క కాడ ఉండి, కొత్త డ్రమ్మర్ డేవ్ మాటక్స్‌ను, ఫిడేల్‌కు డేవ్ స్వార్‌బ్రిక్‌ను తీస్కొని చేసిందే ఈ ఆల్బమ్.

అంతకుముందు వీళ్లు బాబ్ డిలన్, జోనీ మిచెల్ పాటలు పాడేటోళ్లు, అంటే అమెరికా బాట. 1968ల ది బ్యాండ్ అనేటోళ్ల మొదటి ఆల్బమ్ విన్నంక అమెరికా పాట గింత మంచిగ వాళ్లే చేస్తుంటే మనం దాన్నే కాపీ కొట్టుడేంది, మనది మనకు లేదా అన్న రంది పట్టుకుంది. బాస్ వాయించే యాష్లీ హచింగ్స్ లండన్‌ల సెసిల్ షార్ప్ హౌస్ అనే జానపద పాటల కేంద్రం లైబ్రరీల కూసొని పాత కథాపాటలు తవ్వి తీసిండు. మన దిక్కు ఉద్యమం టైంల ధూం ధాంలల్ల సిన్మా పాట పక్కకు పోయి ఊరి పాట స్టేజీ ఎక్కినప్పటి ఊపు గుర్తొస్తది. కాకపోతే వీళ్లకు ఎన్క ఉద్యమం ఏం లేదు, వ్యాన్ యాక్సిడెంట్ ఒక్కటే ఉంది.

దేశభక్తి పాటలుంటయనుకొని వింటే ఒక్కటి దొరకది. ‘ది డిజర్టర్’ చూడుండ్రి. పోరగాన్ని తాపిచ్చి మిలిటరీల జమ చేస్కుంటరు, పారిపోతడు, తోటోడే పట్టిస్తడు, కొరడా దెబ్బలు. మళ్ల పారిపోతే ఈసారి ప్రేమించిన పిల్లనే పట్టిస్తది, కాల్చేయమని తీర్పు. శవపెట్టె కూడా రెడీ. అప్పుడు ఆరు గుర్రాల బండిల విక్టోరియా రాణి మొగడు ప్రిన్స్ ఆల్బర్ట్ దిగి ఇడిసిపెట్టుండ్రి అంటడు, ఎందుకంటే వీడు రాణికి, దేశానికి మంచి సోల్జర్ అయితడట! బతికిచ్చింది మళ్ల తుపాకి పట్టిచ్చెతందుకే. మొత్తం ఆల్బమ్‌ల దేశం పేరు ఇంత గట్టిగ వినవడేది ఇక్కడనే, అది కూడా శవపెట్టె పక్కపొంటి.

ఇగ ‘మాటీ గ్రోవ్స్’, ఎనిమిది నిమిషాల పాట. దొరసాని ఓ మామూలు పిల్లగాన్ని ఇంటికి పిలుస్తది, నౌకరు ఉరికి పోయి దొరకు చాడీ చెప్తడు, దొర వచ్చి ముందు వాన్ని, తర్వాత ఆమెను చంపుతడు. గిదంత ఏ కథలనైనా ఉండేదే. అసలు దెబ్బ ఆఖర్ల: ఇద్దరినీ ఒకే బొందల పెట్టుండ్రి గానీ నా పెండ్లాన్ని మీద పెట్టుండ్రి, ఆమె పెద్దింటి ఆడబిడ్డ అంటడు దొర. బొందల కూడా పై మెట్టు కింది మెట్టు! ఎవల శ్మశానం వాళ్లకే ఉన్న ఊర్లల్ల పెరిగిన మనకు దీనికి నోట్స్ అక్కర్లేదు. ఆ మాట అయిపోంగనే గిటారు, ఫిడేలు కలిసి పరుగందుకుంటయి, వాల్యూమ్ పెంచుకోవాల్సింది అక్కడ.

తమాష ఏందంటే ఇంగ్లాండ్‌ది అని ఎతికి తెచ్చిన సామానుల సగం పక్కింటోళ్లది. ‘టామ్ లిన్’ స్కాట్లాండ్ కథ, జానెట్ అనే కడుపుతోని ఉన్న పిల్ల దయ్యాల రాణి చేతిలకెల్లి తన మనిషిని గుంజుకొస్తది, వాడు పామైనా సింహమైనా పట్టు ఇడువది. ఫిడేల్ మెడ్లీల, అంటే బాణీలన్నీ ఒకదాని ఎన్క ఒకటి కలిపి వాయించిన ట్రాకుల, ఐర్లాండ్ బాణీలున్నయి. ఇసొంటి కథాపాటలు 305 జమ చేసి నంబర్లు ఏసిన ఫ్రాన్సిస్ చైల్డ్ అయితే హార్వర్డ్ ప్రొఫెసర్, అమెరికాయన! అమెరికాను ఇడిసి పారిపోయి మళ్ల అమెరికాయన బుక్కులకే వచ్చిండ్రన్నట్టు. నాకైతే ఇది లోపం అనిపియ్యలే. మా పాలమూరుల కిన్నెర మీద పండుగ సాయన్న కథ చెప్పేటోళ్లు కూడా ఇది ఏ జిల్లాదని అడిగి పాడరు కదా.

వీళ్లు సొంతంగ రాసినయి చిన్నయి గానీ బరువైనయి. ‘ఫేర్‌వెల్, ఫేర్‌వెల్’ పాత బాణీకి 20 ఏండ్ల థాంప్సన్ రాసిన మాటలు, చల్లగాలి, ఒంటరి బాటసారులు, అంతే, యాక్సిడెంట్ మాటే లేదు. ‘క్రేజీ మ్యాన్ మైఖేల్’ల ఒకడు కోపంతోని కాకిని చంపుతడు, చూస్తే అది వాడు ప్రేమించిన పిల్లనే. ఈ రెండు మాత్రం రాత్రి పూట బస్సుల వినకుండ్రి, చెప్తున్న.

నచ్చనివి ఉన్నయి. మొదటి పాట ‘కమ్ ఆల్ యే’ రారండ్రో అని బలవంతంగ పిలిచినట్టుంటది, మెడ్లీ మంచిదే గానీ నాకు మధ్యల ఊపిరి తీస్కునే బ్రేక్ లెక్కనే అనిపిచ్చింది. ఐదుకు నాలుగున్నర ఇస్త. తర్వాత 2006ల బీబీసీ రేడియో 2 శ్రోతలు అన్నిటికన్న ఎక్కువ ప్రభావం చూపిన ఫోక్ ఆల్బమ్ అని దీనికే ఓటేసిండ్రు, అయినా మన దగ్గర పేరు తెల్సినోళ్లు తక్కువే. కొనేటోళ్లు 2002 సీడీ దొరికితే తీస్కోండ్రి, రెండు పాటలు ఎక్కువుంటయి. ఊకె విందామంటే ‘ది డిజర్టర్’తోని మొదలు పెట్టుండ్రి, లిరిక్స్ ముందల ఓపెన్ చేస్కొని, లేకుంటే ఆ యాసల సగం అర్థం కాదు.