“ఊరికే ఎలిజిబిలిటీ చూస్తాం” అంటే సంతకం పెట్టకండి

కారు కొందామనుకుంటున్నవాళ్లు, లీజుకి తీసుకుందామనుకుంటున్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. మేం నష్టపోయింది కారు వల్ల కాదు, కారు కొనకముందే పెట్టిన ఒక్క సంతకం వల్ల.

ఆ రోజు మేం షోరూముకి వెళ్లింది టెస్ట్ డ్రైవ్ కోసం. నచ్చితే నెలకి ఎంత పడుతుందో కనుక్కుని, ఇంటికొచ్చి ఆలోచించుకుందామనుకున్నాం. డ్రైవ్ అయ్యాక సేల్స్ అబ్బాయి మమ్మల్ని ఫైనాన్స్ డెస్క్ దగ్గర కూర్చోబెట్టాడు. అక్కడున్నాయన చాలా మర్యాదగా, “నిర్ణయం తర్వాత తీసుకోండి సార్, ఊరికే ఎలిజిబిలిటీ చూస్తాం, రేటు తెలుస్తుంది కదా” అన్నాడు. “మేడమ్ పేరు కూడా కలిపితే రేటు తగ్గుతుంది” అని మా ఆవిడ వివరాలు కూడా తీసుకున్నాడు. ట్యాబ్ మా ముందు పెట్టి, వేలితో తెరని గబగబా పైకి తోసి, అడుగున సంతకం చేసే గడి దగ్గర ఆపాడు. నేను పెట్టాను, తర్వాత మా ఆవిడ పెట్టింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

ఆ కారు మేం కొనలేదు. నెల వాయిదా ఎంతో చెప్పాడు గానీ వడ్డీ ఎంత శాతమని అడిగితే “మంచి రేటే సార్” అన్నాడు తప్ప సంఖ్య చెప్పలేదు. రెండుసార్లు అడిగి లేచి వచ్చేశాం. అక్కడితో అయిపోయిందనుకున్నాను.

రెండు నెలల తర్వాత నా జీతం పడే బ్యాంకులోనే కారు లోన్ అడిగాను. లోన్ ఆఫీసర్ నా క్రెడిట్ రిపోర్ట్, అంటే నా అప్పుల చరిత్ర ఉండే కాగితం, తెరిచి కాసేపు చూసి, “ఈమధ్య చాలా చోట్ల ప్రయత్నించారా?” అని అడిగింది. లేదన్నాను. ఆవిడ స్క్రీన్ నా వైపు తిప్పింది. మన రిపోర్టుని ఎవరెవరు తీసి చూశారో రాసే ఎంక్వైరీల భాగంలో వరసగా ఆరు పేర్లున్నాయి, ఆరూ మేం షోరూముకి వెళ్లిన తేదీవే. వాటి కింద ఇంకో మూడున్నాయి, అవి నెలన్నర తర్వాతి తేదీవి. అంటే మేం వద్దని వచ్చేశాక కూడా మా దరఖాస్తుని ఫైల్లో ఉంచుకుని, మళ్లీ పంపారు. ఆ తొమ్మిదింటిలో ఏడు సంస్థల పేర్లు నేనెప్పుడూ విననైనా వినలేదు.

లోన్ రాలేదని కాదు, వచ్చింది. కానీ ఆ బ్యాంకులో క్రెడిట్ స్కోరుని, అంటే ఆ రిపోర్టుని బట్టి మనకి వేసే అంకెని, బట్టి రేటు మెట్లుగా ఉంటుంది. నేను పై మెట్టు అంచున ఉన్నవాణ్ణి, ఆ ఎంక్వైరీలతో స్కోరు జారి కింది మెట్టులో, అంటే ఎక్కువ వడ్డీలో పడ్డాను. వాయిదాలు ఉన్నన్నాళ్లూ ఆ తేడా కట్టాల్సింది నేనే. నాకంటే మా ఆవిడకి జరిగింది ఎక్కువ బాధ. తను చదువు కోసం విడిగా లోన్ పెట్టుకుందామనుకుంటోంది. తన రిపోర్టులోనూ అవే తొమ్మిది. కో-అప్లికెంట్‌గా పేరు రాస్తే ఇద్దరి రిపోర్టులూ తీస్తారన్న సంగతి ఆ రోజు ఎవరూ తనకి చెప్పలేదు. నేనైనా ముందే తెలుసుకుని ఉండాల్సింది.

ఆ తర్వాత కూర్చుని ఈ చెకింగ్ ఎలా జరుగుతుందో పూర్తిగా తెలుసుకున్నాను. ఎంక్వైరీల్లో రెండు రకాలున్నాయి. మన రిపోర్ట్ మనం చూసుకున్నా, మీకింత వరకు రావచ్చని ఎవరైనా పైపైన అంచనా వేసినా అది సాఫ్ట్ ఎంక్వైరీ. దానివల్ల స్కోరు తగ్గదు. మన దరఖాస్తు మీద లోన్ ఇవ్వాలా వద్దా అని లెండర్, అంటే అప్పిచ్చే సంస్థ, రిపోర్ట్ తీస్తే అది హార్డ్ ఎంక్వైరీ. అది మిగతా లెండర్లకి కనిపిస్తుంది, స్కోరు మీద ప్రభావం చూపించగలదు. “ఎలిజిబిలిటీ” అనే మాటకి ఈ రెండిట్లో ఏదైనా అర్థం కావచ్చు. అసలు మోసం ఆ మాటలోనే ఉంది. కాబట్టి “ఎలిజిబిలిటీయేనా?” అని అడిగి లాభం లేదు, “ఇది హార్డా, సాఫ్టా? ఎంతమంది లెండర్లకి పంపుతున్నారు? పేర్లేంటి?” అని అడగండి. జవాబు నోటిమాటగా వద్దు, మెసేజ్‌లోనో మెయిల్‌లోనో తీసుకోండి.

డీలర్ సాధారణంగా సొంత డబ్బు అప్పుగా ఇవ్వడు. మన దరఖాస్తుని తనతో ఒప్పందం ఉన్న బ్యాంకులకీ ఫైనాన్స్ కంపెనీలకీ ఒకేసారి పంపిస్తాడు. పంపిన ప్రతి చోటా ఒక హార్డ్ ఎంక్వైరీ పడొచ్చు. మేం సంతకం పెట్టిన ఫారం కాపీ తర్వాత పట్టుబట్టి తెప్పించుకున్నాను. సంతకానికి పైన, చిన్న అక్షరాల్లో, మా వివరాలని వాళ్ల భాగస్వామ్య రుణ సంస్థల్లో దేనికైనా పంపడానికి ఒప్పుకుంటున్నట్టు ఉంది. ఎన్నింటికో లేదు, ఎన్ని రోజుల వరకో కూడా లేదు. ఆయన వేలితో తోసేసింది ఆ పేరానే.

రేటు కోసం నాలుగు చోట్ల అడగడం తప్పా అంటే, కాదు. అమెరికాలో ఎక్కువగా వాడే ఫైకో స్కోరు లెక్కలో, కొత్త వెర్షన్లలో 45 రోజుల్లోపు, పాత వెర్షన్లలో 14 రోజుల్లోపు పడిన కారు లోన్ ఎంక్వైరీలన్నీ ఒక్కటిగానే లెక్కకొస్తాయి. అక్కడే వాడే ఇంకో స్కోరు, వాంటేజ్ స్కోరుకి ఆ గడువు 14 రోజులు. మామూలుగా ఒక్క ఎంక్వైరీతో చాలామందికి ఫైకోలో 5 పాయింట్లలోపే తగ్గుతుంది. ఎంక్వైరీ రిపోర్టులో 2 ఏళ్లు కనిపించినా ఫైకో చివరి 12 నెలలవే లెక్కలోకి తీసుకుంటుంది. అయితే ఈ వెసులుబాటు రావాలంటే అది కారు లోన్ ఎంక్వైరీగా నమోదై ఉండాలి. మాకు పడినవాటిలో రెండు వేరే రకం లోన్ కింద నమోదయ్యాయి. పైగా రెండో విడత నెలన్నర తర్వాత పడింది. ఫైకో లెక్కలున్నాయి కదా అని ఇతర దేశాల్లో, ఇతర స్కోర్లలో కూడా ఇలాగే ఉంటుందని ధీమాగా ఉండకండి. స్కోరు సంగతి ఎలా ఉన్నా, రిపోర్ట్ చదివేది మనిషైతే వరసగా తొమ్మిది పేర్లు చూసి అనుమానపడతాడు. నాకు ఎదురైంది అదే.

లీజు గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మేమూ మొదట పొరబడ్డాం. “అద్దె లాంటిదే కదా, అప్పు కాదు, దీనికి చెకింగ్ ఉండదు” అని చాలామంది అనుకుంటారు. లీజుకి కూడా హార్డ్ ఎంక్వైరీ ఉంటుంది. గడువు అయ్యేదాకా కారు లీజు కంపెనీదే కాబట్టి, మనం నెలనెలా కడతామా లేదా అన్నది వాళ్లు గట్టిగానే చూస్తారు. స్కోరు తక్కువైతే డిపాజిట్ ఎక్కువ అడగొచ్చు, రేటు పెంచొచ్చు. ఆ రేటు కూడా చాలాచోట్ల శాతంలో చెప్పరు, మనీ ఫ్యాక్టర్ అని చెబుతారు. 0.0025 అని రాసి ఉంటే ఎంత చిన్నదో అనిపిస్తుంది. దాన్ని 2400తో గుణించండి, 6 శాతం వస్తుంది. కాగితం మీద ఆ సంఖ్య కనిపించకపోతే అడిగి రాయించుకోండి.

ఇంకో విషయం. మన ఫోన్ యాప్‌లో కనిపించే స్కోరూ, లెండర్ చూసే స్కోరూ ఒకటే అవ్వాలని లేదు. అమెరికాలో మామూలు ఫైకో స్కోరు 300 నుంచి 850 దాకా ఉంటే, కారు లోన్ల కోసం వాడే ఆటో స్కోరు 250 నుంచి 900 దాకా ఉంటుంది. ఇండియాలో సిబిల్ స్కోరు 300 నుంచి 900. “మీ స్కోరు తక్కువగా ఉంది సార్, అందుకే ఈ రేటు” అని డీలర్ అంటే, ఏ స్కోరు, ఏ బ్యూరోది (ఈ రిపోర్టులు తయారుచేసే సంస్థ), ఎంత అని అడగండి. లెండర్ ఒప్పుకున్న రేటు మీద డీలర్ కొంత కలుపుకుని మనకి చెప్పే పద్ధతి కూడా ఉంది. తక్కువ స్కోరు అన్న మాట అక్కడ వాళ్లకి సాకుగా పనికొస్తుంది.

ఇప్పుడైతే నేను చేసేది ఇది. ముందు నా రిపోర్ట్ నేనే తీసుకుని చూస్తాను. ఇండియాలో నాలుగు బ్యూరోలున్నాయి, సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హై మార్క్. ఒక్కోదాని నుంచి ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్ట్ ఉచితంగా వస్తుంది. తర్వాత నా బ్యాంకులోనే ముందుగా అప్రూవల్ తీసుకుని, ఆ రేటు చేతిలో పెట్టుకుని షోరూముకి వెళ్తాను. దానికంటే తక్కువ రేటు ఇస్తామంటే అప్పుడు ఒక్క లెండర్ పేరు రాయించుకుని, ఆ ఒక్కరికే అని ఫారం మీద నా చేత్తో రాసి సంతకం పెడతాను. అమెరికాలో ఉన్నవాళ్లకి ఇంకా మంచి దారి ఉంది. మూడు బ్యూరోల్లోనూ క్రెడిట్ ఫ్రీజ్ పెట్టుకోవచ్చు, 2018 సెప్టెంబర్ నుంచి అది పూర్తిగా ఉచితం. ఫ్రీజ్ ఉన్నంత కాలం కొత్త లెండర్ ఎవరూ రిపోర్ట్ తీయలేరు, మనకి కావాల్సినప్పుడు ఆన్‌లైన్‌లోనే ఎత్తేయొచ్చు.

ఇప్పటికే సంతకం పెట్టేసి, కొనకుండా వచ్చేసినవాళ్లు ఈ రోజే డీలర్‌కి మెయిల్ పెట్టండి. మా దరఖాస్తు రద్దు చేయండి, ఇకమీదట ఎవరికీ పంపొద్దు, ఇప్పటిదాకా ఎవరెవరికి పంపారో చెప్పండి అని మూడు ముక్కలు రాస్తే చాలు. నేను ఆ పని అప్పుడే చేసి ఉంటే రెండో విడత మూడు ఎంక్వైరీలు పడేవి కావు.

అనుమతి ఉన్న ఎంక్వైరీని తీసేయమంటే బ్యూరో తీయదు. అనుమతి లేనిదాని మీద మాత్రం డిస్ప్యూట్, అంటే అభ్యంతరం, వేయొచ్చు. మొదటి ఆరింటిని వదిలేశాం, వాటికి మా సంతకం ఉంది. మేం వద్దన్నాక పడిన మూడింటి మీద ఇద్దరం విడివిడిగా డిస్ప్యూట్ వేశాం, ఫారం కాపీ, మెయిళ్లు జతచేసి. నా రిపోర్టులోంచి ఒకటి తీసేశారు. మా ఆవిడవి మూడూ ఇంకా పరిశీలనలోనే ఉన్నాయి, తన లోన్ దరఖాస్తు అప్పటిదాకా ఆపుకుంది.