బైకు టైరు ఒకచోటే అరుగుతుంటే షావోమీ గాలి పంపు ఎంతవరకు పనికొస్తుంది?

వెనక టైరు నడిమధ్య బల్లపరుపుగా అరిగిపోయి, రెండు పక్కలా గ్రిప్ కొత్తదానిలా నిలిచి ఉందంటే కారణాలు రెండే. గాలి ఎక్కువ పెట్టి నడుపుతూ ఉండాలి, లేదా బండి ఎప్పుడూ హైవే మీద నిటారుగానే పోతూ ఉండాలి. పక్కలు ముందుగా అరిగితే గాలి తక్కువన్నమాట. ముందు టైరు బటన్లు, అంటే గ్రిప్ గడ్డలు, మెట్లు మెట్లుగా తయారైతే మాత్రం అది వేరే రోగం, దాని సంగతి తర్వాత. మొదటి రెండు రకాల అరుగుడికీ ముందుగా చూసుకోవాల్సింది గాలి లెక్కే. షావోమీ వాళ్ళ చేతిలో పట్టే ఎలక్ట్రిక్ ఎయిర్ కంప్రెసర్ ఈ లెక్కను ఇంట్లోనే సరిచూసుకోనిస్తుంది. ఇక్కడ చెప్పేది 2020లో మన దేశంలోకి వచ్చిన మొదటి మోడల్ గురించి.

బంకులో గాలి ఉచితమే కదా, పంపు దేనికి అనే ప్రశ్న న్యాయమైనదే. చిక్కంతా బంకు దాకా నడుపుకుంటూ వెళ్ళడంలోనే ఉంది, దాంతో టైరు వేడెక్కుతుంది. కంపెనీ స్టిక్కర్ మీద ఉండే అంకె చల్లటి టైరుకి, అంటే బండి కనీసం మూడు గంటలు ఆగి ఉన్న తర్వాత చూసే అంకె. చల్లగా 28 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉన్న టైరు ఎండలో పాతిక కిలోమీటర్లు తిరిగొస్తే 31, 32 చూపిస్తుంది. ఎక్కువైందనుకుని అక్కడే 28కి దించేస్తే, మర్నాడు పొద్దున అందులో ఉండేది 25కి అటూ ఇటూ. ఆ గాలితోనే రోజూ డబుల్స్ తిరిగితే పక్కలు అరగక ఏం చేస్తాయి! వాతావరణం ప్రభావం కూడా తక్కువేం కాదు. ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు తగ్గితే సుమారు ఒక పీఎస్ఐ పడిపోతుంది కాబట్టి మే నెలలో సరిపెట్టిన గాలి డిసెంబరుకి చాలదు. ఏమీ చేయకపోయినా నెలకు ఒకటి రెండు పీఎస్ఐ తగ్గుతుంది. అందుకే పదిహేను రోజులకోసారి, పొద్దున బండి తీయకముందు చూసుకోవాలి. స్టిక్కర్ సాధారణంగా స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చెయ్యి) మీదో చైన్ కవర్ మీదో ఉంటుంది. ఒక్కరికి, డబుల్స్‌కి వేర్వేరు అంకెలుంటాయి. పెరగాల్సింది ముఖ్యంగా వెనక టైరులో.

ఇక పంపు సంగతి. లోపల 2000 ఎంఏహెచ్ బ్యాటరీ, ఛార్జింగ్‌కి మైక్రో యూఎస్‌బీ. 3 నుంచి 150 పీఎస్ఐ వరకు కొడుతుంది, అనుకున్న అంకె రాగానే దానంతటదే ఆగుతుంది. పైపు తగిలించగానే టైరులో ఉన్న గాలి ఎంతో తెర మీద కనిపిస్తుంది. అన్నిటికన్నా విలువైన పని ఇదే.

కొన్నవాళ్ళు ఎక్కువగా బోల్తాపడేది మోడ్ దగ్గర. మోటార్‌సైకిల్ గుర్తు నొక్కితే అది మొదట చూపించేది 2.4 బార్, అంటే దాదాపు 35 పీఎస్ఐ. రోజువారీ తిరిగే కమ్యూటర్ బళ్ళలో ముందు టైరుకి 25 చాలు. చూడకుండా స్టార్ట్ నొక్కితే ముందు టైరు రాయిలా బిగుసుకుంటుంది, నడిమి గ్రిప్ త్వరగా పోతుంది, తడి రోడ్డు మీద బ్రేకు వేస్తే జారుతుంది. పైగా ఆ మోడ్‌లో 1.8 బార్ కంటే, అంటే 26 కంటే కిందికి దించలేం. ముందు టైరుకి 25 కావాలంటే ఆ మోడ్ వదిలేసి, మనకు కావలసిన అంకె పెట్టుకోనిచ్చే ఫ్రీ మోడ్‌లోనే పెట్టుకోవాలి. మన బళ్ళకి ఇది తిక్క ఏర్పాటే.

పైపు పొట్టిది, కొన స్క్రూలా తిప్పి బిగించేది. విప్పేటప్పుడు బుస్సుమని కాస్త గాలి పోతుంది కాబట్టి ఒక పీఎస్ఐ ఎక్కువ పెట్టుకుని చకచకా విప్పాలి. ఆ ఇత్తడి కొన నిమిషాల్లో చెయ్యి కాలేంత వేడెక్కుతుంది, వట్టి చేత్తో పట్టుకోకండి. డిస్క్ ఉన్న చక్రాలకీ, చిన్న చక్రాల స్కూటర్లకీ చెయ్యి దూరని చోట వాల్వ్ ఉంటే వంకర ఎక్స్‌టెన్షన్ ఒకటి కొనాల్సిందే. ఎక్కువైన గాలిని ఈ పంపు తీయలేదు, పిన్ను నొక్కి మనమే వదలాలి. చప్పుడు గట్టిగానే ఉంటుంది, తెల్లవారుజామున అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో వాడితే పై అంతస్తు వాళ్ళు తొంగిచూస్తారు.

ఇప్పుడు మెట్ల అరుగుడు. ముందు టైరు మీద అరచేత్తో ఒకవైపుగా నిమిరితే నున్నగా, ఎదురుగా నిమిరితే రంపంలా తగులుతుందా? బ్రేకు వేసినప్పుడల్లా బటన్ల అంచు ఒక పక్కే రోడ్డుకి రాసుకుంటోందని అర్థం. తక్కువ గాలి దాన్ని ముదరబెడుతుంది గానీ, గాలి సరిచేసినంత మాత్రాన పోదు. మెయిన్ స్టాండ్ వేసి, వెనక సీటు మీద ఒకరు బరువేస్తే ముందు చక్రం లేస్తుంది. అప్పుడు ఫోర్క్ కాళ్ళను కింద పట్టుకుని ముందుకీ వెనక్కీ కదిపి చూడాలి. టక్కుమంటే కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు, వదులైంది. హ్యాండిల్ నెమ్మదిగా తిప్పితే సరిగ్గా మధ్యలో చిక్కుకున్నట్టుంటే బేరింగ్ గుంటపడింది, బిగించి లాభం లేదు, మార్చాల్సిందే. ఏళ్ళ తరబడి మార్చని ఫోర్క్ ఆయిల్, కారుతున్న ఆయిల్ సీలు కూడా ఇదే పని చేస్తాయి. వెనక టైరు ఒకే పక్క అరుగుతుంటే చైన్ బిగించినప్పుడు చక్రం వంకరగా కూర్చుందేమో చూడాలి. స్వింగ్ ఆర్మ్ మీద గీతల్ని పూర్తిగా నమ్మొద్దు. స్వింగ్ ఆర్మ్‌ని ముందు కొసన ఫ్రేముకి పట్టే పివట్ బోల్టు నడిమి నుంచి వెనక ఇరుసు (యాక్సిల్) నడిమికి రెండు పక్కలా టేపు పెట్టి కొలిస్తే తేడా బయటపడుతుంది. కుడి పక్క కొద్దిగా ముందు అరిగిందని మాత్రం కంగారుపడక్కర్లేదు, ఎడమవైపు నడిచే మన రోడ్ల మీద అది మామూలే.

ఇంట్లో ఇప్పటికే మంచి గేజ్, కాలితో కొట్టే పంపు ఉంటే దీని అవసరం లేదు. బైకు, స్కూటర్, కారు మూడూ ఉన్న ఇంటికి మాత్రం పనికొచ్చే సరుకే. మెట్లుపడిన టైరున్న వాళ్ళు డబ్బు ముందు కోన్ సెట్‌కీ ఫోర్క్‌కీ పెట్టి, ఆ తర్వాతే కొత్త టైరు వేయించాలి. వరస మారిస్తే కొత్త టైరుకీ అదే గతి.