రాసే స్త్రీ ఇచ్చుకున్న సంజాయిషీ: మరీ ద గూర్నే రచనల సంపుటం

ఇంగ్లీషులో ‘అపాలజీ’ అనగానే మనకు క్షమాపణ గుర్తుకు వస్తుంది. చికాగో విశ్వవిద్యాలయ ముద్రణాలయం 2002లో వెలువరించిన ‘అపాలజీ ఫర్ ది ఉమన్ రైటింగ్ అండ్ అదర్ వర్క్స్’ అనే సంపుటాన్ని చేతిలోకి తీసుకునేవారు ముందుగా ఆ అర్థాన్ని పక్కన పెట్టాలి. ఇక్కడ ఆ మాటకు పాత గ్రీకు అర్థమే వర్తిస్తుంది: తనపై మోపిన నేరానికి తానే నిలబడి చెప్పుకునే సమాధానం. మన ఆఫీసు భాషలో దానికి సరిపోయే మాట సంజాయిషీ. ఫ్రెంచి రచయిత్రి మరీ ద గూర్నే రాసిన నాలుగు రచనలను రిచర్డ్ హిల్‌మన్, కోలెట్ కెనెల్ ఇంగ్లీషులోకి అనువదించి, సంపాదకత్వం వహించిన పుస్తకం ఇది. పరిమాణంలో చిన్నదే అయినా దీన్ని చదవడం పూర్తి చేయడానికి నాకు మూడు వారాలు పట్టింది. అందుకు రచయిత్రి ఎంత కారణమో, పుస్తకాన్ని కూర్చిన తీరు కూడా అంతే కారణం.

గూర్నే 1565లో పారిస్‌లో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. కూతురి చదువు తల్లికి ఇష్టం లేదు. ఇంటిపనుల మధ్య దొరికిన సమయంలో, గురువు లేకుండా, లాటిన్ మూలాన్నీ దాని ఫ్రెంచి అనువాదాన్నీ పక్కపక్కన పెట్టుకుని పోల్చి చూస్తూ ఆమె లాటిన్ నేర్చుకున్నారు. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల వయసులో ఫ్రెంచి వ్యాసకర్త మాంటేన్ వ్యాసాలు చదివి పరవశించిపోయారు. 1588లో పారిస్‌లో ఆయనను కలుసుకున్నారు. ఆయన ఆమెను మానసపుత్రికగా స్వీకరించారు. మాంటేన్ 1592లో మరణించిన తరువాత ఆయన వ్యాసాల బృహత్ ముద్రణ 1595లో వెలువడిందంటే అది ముప్పై ఏళ్లు నిండని ఈ అవివాహిత పరిష్కరించడం వల్లనే. అయినా ఆ ముద్రణలో మాంటేన్ ఆమెను మెచ్చుకున్న వాక్యాలు ఆమే స్వయంగా చేర్చుకున్నవేమో అన్న అనుమానం పండితులలో చాలాకాలం నలిగింది. పుస్తకాన్ని నిలబెట్టిన మనిషికి అందులో తనను గురించిన నాలుగు మంచి మాటలు కూడా దక్కకుండా పోయే పరిస్థితి వచ్చిందన్నమాట.

ఈ సంపుటం, మార్గరెట్ కింగ్, ఆల్బర్ట్ రాబిల్ సంపాదకులుగా ఉన్న ‘ది అదర్ వాయిస్ ఇన్ ఎర్లీ మోడర్న్ యూరప్’ అనే గ్రంథమాలలో భాగం. ఆ మాలలోని ఇతర సంపుటాలలో మాదిరిగానే దీని మొదట్లో కూడా గ్రంథమాల సంపాదకులు రాసిన ఉమ్మడి పీఠిక ఉంటుంది. అరిస్టాటిల్ స్త్రీ శరీరాన్ని గురించి ఏమన్నారు, రోమన్ చట్టం ఏ హక్కులు ఇచ్చి ఏవి నిరాకరించింది, క్రైస్తవ మతాచార్యులు ఏమి బోధించారు, వీటికి 15వ శతాబ్ది ఆరంభంలోనే రచయిత్రి క్రిస్టీన్ ద పిజాన్ ఎలా బదులు చెప్పారు అన్న సంగతులను ఆ పీఠిక చక్కగా వివరిస్తుంది. ఈ రంగానికి కొత్తవారికి అంతకంటే మంచి ప్రవేశిక దొరకడం కష్టం. అయితే ఇదే మాలలోని మరో రెండు పుస్తకాలు కొన్న నాబోటివారికి మూడోసారి కూడా అదే పీఠికకు డబ్బు చెల్లించినట్లు అనిపించక మానదు. దాని తరువాత వచ్చే, గూర్నేకే పరిమితమైన ముందుమాటను మాత్రం వదలకుండా చదవాలి.

పుస్తకానికి గుండెకాయ 1622లో వెలువడిన ‘స్త్రీ పురుషుల సమానత్వం’. ఫ్రాన్సు రాజు లూయీ 13 భార్య, ఆస్ట్రియా ఆన్ రాణికి దాన్ని అంకితమిచ్చారు. ఈ చిన్న వ్యాసం ప్రత్యేకత ఏమిటో తెలియాలంటే అంతకు ముందు సంగతి కొంత తెలియాలి. 1600లో వెనిస్ నుంచి, ఒకే సంవత్సరంలో, ఇద్దరు స్త్రీల పుస్తకాలు వచ్చాయి. ఒకటి ప్రసవంలో మరణించిన మోదెరాతా ఫోంతే పుస్తకం. ఆమె పోయిన ఎనిమిదేళ్లకు అది అచ్చయింది. రెండవది లుక్రేట్సియా మరినెల్లా పుస్తకం. అంతకు ముందు ఏడాది స్త్రీల దోషాలను ఏకరువు పెడుతూ జుసెప్పె పాస్సి రాసిన గ్రంథానికి అది జవాబు. ఆ రెండూ స్త్రీ పురుషునికంటే అధికురాలని వాదించాయి. ఆ కాలపు వివాద సంప్రదాయమే అది: వారు తక్కువ అంటే వీరు ఎక్కువ అనేవారు. గూర్నే మొదటి వాక్యాలలోనే ఆ ఆట నుంచి తప్పుకుంటారు. స్త్రీల పక్షం వహించేవారిలో చాలామంది ఆధిక్యాన్ని తిరగేసి స్త్రీలకు కట్టబెడుతున్నారనీ, ఏ విషయంలోనూ అతికి పోని తనకు మాత్రం సమానమంటే చాలుననీ అంటారు. ఈ ‘చాలు’ అన్న మాటలో వినయం కనిపిస్తుంది కానీ నిజానికి అది పెద్ద అడుగు. ఆధిక్యం కోసం వాదిస్తే అది ముచ్చటైన వాక్చాతుర్యమని నవ్వి వదిలేయవచ్చు. సమానత్వమంటే మాత్రం లెక్క తేల్చి తీరాలి.

లెక్క తేల్చడానికి ఆమె ఎంచుకున్న ప్రధాన సాధనం ‘మనిషి’ అన్న మాట. మనిషి అనే ప్రాణి, సరిగా చూస్తే, పురుషుడూ కాదు, స్త్రీ కూడా కాదు. లింగభేదం సంతానం కోసం ఏర్పడినదే తప్ప రెండు వేర్వేరు జాతులను చేయడానికి కాదు అన్నది ఆమె సూత్రం. ఆ వెంటనే, కిటికీలో కూర్చున్న గండుపిల్లికి ఆడపిల్లి కంటే దగ్గరి పోలిక మరొకటి లేదన్న ఒక జానపద హాస్యోక్తిని తెచ్చి పెడతారు. గండుపిల్లి ఏదో, ఆడపిల్లి ఏదో వీధిలో నిలబడి చెప్పగలవారెవరు? ఇక్కడ నేను కాసేపు ఆగిపోయాను. మన వ్యాకరణంలో మగవాడు ‘వచ్చాడు’; ఆమె, పిల్లి మాత్రం ‘వచ్చింది’. వ్యాకర్తలు మహత్తు, అమహత్తు అని గీసిన గీతకు ఏకవచనంలో స్త్రీ, పిల్లి ఉన్న వైపునే నిలబడుతుంది. బహువచనంలోకి వస్తే తప్ప ‘వచ్చారు’ అనిపించుకుని మనుషులలో కలవదు. ఈ సమీక్షలో రచయిత్రిని గౌరవ బహువచనంలో పేర్కొనడం వల్ల ఆ చిక్కు పైకి కనిపించలేదంతే. గూర్నేకు తెలుగు తెలిసి ఉంటే ఇంకో రెండు పేజీలు రాసి ఉండేవారు.

చదువును గురించిన వాదం ఇంతకంటే సూటిగా ఉంటుంది. స్త్రీలు పురుషులంత తరచుగా ఉన్నత స్థాయికి చేరకపోవడానికి కారణం సరైన శిక్షణ లేకపోవడమే అంటారు. లోకవ్యవహారంలో ఫ్రెంచి, ఇంగ్లీషు స్త్రీలు ఇటలీ స్త్రీలకంటే ముందుండడానికి పెంపకంలోని తేడాయే కారణమైనప్పుడు, స్త్రీ పురుషుల మధ్య కనిపించే ఎడాన్ని కూడా చదువు ఎందుకు పూడ్చలేదని అడుగుతారు. స్త్రీలను సింహాసనానికి దూరం చేసిన సాలిక్ చట్టం ఫ్రాన్సులో తప్ప మరెక్కడా లేదని అంటారు. స్త్రీకి మాత్రమే పుట్టిన ఏసును మనుష్యకుమారుడు అంటున్నాము కదా, ఆ ‘మనుష్య’ పదంలో స్త్రీ లేదా అని వేదాంతులనే నిలదీస్తారు. ఇవన్నీ చదువుతున్నప్పుడు ఎదుటివారి చేతిలోని కర్రను లాక్కుని వాడుతున్న నేర్పు కనిపిస్తుంది.

వ్యాసంలో విసుగు పుట్టించే భాగం కూడా ఉంది. ప్లేటో, ప్లూటార్క్, సెనెకా మొదలుకొని హైపేషియా, జూడిత్, జోన్ ఆఫ్ ఆర్క్ వరకు పేర్లు ఒకదాని వెంట ఒకటి వచ్చి పడతాయి. తన మాటను కాక ప్రామాణికుల మాటనే నమ్మే శ్రోతల ముందు మాట్లాడుతున్నానని ఆమెకు తెలుసు కాబట్టి ఈ జాబితా అవసరమైంది. మనకూ ఇది కొత్త కాదు. స్త్రీలు బుద్ధిహీనులన్న నిందను తుడిచివేయడానికి భండారు అచ్చమాంబ ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’లో సాక్షులుగా నిలబెట్టింది కూడా చరిత్రలోని స్త్రీలనే. అయితే అచ్చమాంబ ఒక్కొక్కరి కథనూ ఓపికగా చెబితే, గూర్నే పేరు చెప్పి ముందుకు సాగిపోతారు. ఆ పేర్లు ఎవరివో ఇప్పటి పాఠకునికి చెప్పే భారమంతా అడుగు సూచికల మీద పడింది. అనువాదకులు ఆ పని శ్రద్ధగా చేశారు కానీ, కొన్ని పేజీలలో సూచికలు చూసి పైకి వచ్చేసరికి వాక్యం ఎక్కడ ఆగిందో వెతుక్కోవలసి వస్తుంది.

1626లో వచ్చిన ‘స్త్రీల ఫిర్యాదు’ కొన్ని పేజీలదే అయినా, నా దృష్టిలో పుస్తకమంతటిలోకీ గొప్ప రచన. ఇందులో ప్రమాణాలు పలుచబడి కోపం బయటపడుతుంది. అన్ని మేళ్లకూ దూరం చేయబడిన ఆ జాతిలో పుట్టకపోతే నీవు అదృష్టవంతుడివి అని పాఠకుడితోనే మొదలుపెడతారు. తరువాత ఒక గోష్ఠిని చూపిస్తారు. స్త్రీ ఎంత తర్కబద్ధంగా మాట్లాడినా, ఎదుట ఉన్న అల్పుడు ఒక చిరునవ్వు నవ్వి, తల కొద్దిగా ఆడిస్తే చాలు, మాట్లాడుతున్నది ఆడది అని చెప్పకనే చెప్పినట్లవుతుంది. సభ అతని వైపు మొగ్గుతుంది. మరొకడు తనకు సమాధానం తోచక, స్త్రీతో వాదించడం మర్యాద కాదన్నట్లు తప్పుకుంటాడు. దాంతో గెలిచాడన్న పేరు, మర్యాదస్థుడన్న పేరు రెండూ అతనికే దక్కుతాయి. స్త్రీలు రాసిన పుస్తకాలు చదవకుండానే కొట్టిపారేసే పండితులకు కూడా ఇందులో వాతలు పడతాయి. ఆ చిరునవ్వును ఎక్కడ చూశామో మన సాహిత్య సభలకు వెళ్లే స్త్రీలకు చెప్పనక్కరలేదు.

సంపుటానికి పేరిచ్చిన ‘సంజాయిషీ’ చదవడం కష్టం. కానీ ఆమె జీవితం ఎంత ఇరుకైనదో తెలిసేది అందులోనే. తల్లి పోయాక మిగిలిన అప్పులు, కుటుంబ బాధ్యతలు, రసవాద ప్రయోగాలకు ఆస్తి తగలేశారన్న నింద, వీటన్నిటికీ ఆమె ఖర్చుల వివరాలతో సహా జవాబు చెబుతారు. పెళ్లి చేసుకోకుండా కలం మీద బతకాలనుకున్న స్త్రీని పారిస్ ఎంతగా ఆటపట్టించిందో చెప్పే కథలు చాలా ఉన్నాయి. కవి రకాన్‌నని చెప్పుకుంటూ ఇద్దరు మిత్రులు ఒకరి తరువాత ఒకరు ఆమె ఇంటికి వెళ్లారనీ, చివరికి అసలు రకాన్ వస్తే ఆమె చెప్పు తీసి తరిమారనీ ఒక కథ. ఆ కథకు నవ్వినవారు ఈ రచన చదివితే ఆ నవ్వు ఎక్కువసేపు నిలవదు. అయితే ఒక మాట: తనను తక్కువ చేసి చూసేవారిమీద అంత పదునుగా ఉన్న ఈ కలం, సామాన్య జనం ప్రసక్తి వచ్చినప్పుడు వారిని తక్కువ చేసే చూస్తుంది. ఆమె సమానత్వం ఎక్కువగా చదువూ కులీనతా ఉన్న స్త్రీల చుట్టూ తిరుగుతుంది.

ఇక మిగిలిన ‘మాంటేన్‌తో విహారం’ 1594లో అచ్చయిన కథ. పర్షియా రాకుమారి, ప్రేమ, వంచన, మధ్య మధ్య దీర్ఘోపన్యాసాలు ఉంటాయి. సంపాదకులు కాలక్రమం పాటించి దీన్ని ముందు పెట్టారు. నా మూడు వారాల ఆలస్యంలో వారం దీనిదే. పరిశోధకులకు ఆ క్రమమే సరైనది కావచ్చు. మిగతావారు ముందుగా ‘ఫిర్యాదు’, ఆపై ‘సమానత్వం’, తరువాత ‘సంజాయిషీ’ చదివి, ఓపిక మిగిలితే కథ దగ్గరకు వెళ్లవచ్చు. అనువాదం గూర్నే పొడవాటి వాక్యాలను విరగ్గొట్టకుండా తెచ్చింది కాబట్టి ఇంగ్లీషులో కూడా నెమ్మదిగానే చదవాలి. ‘ఫిర్యాదు’ను ఎవరైనా శ్రద్ధగా తెలుగు చేస్తే ఏ మాసపత్రికలోనైనా మూడు, నాలుగు పేజీలలో సరిపోతుంది.